కడిగిన బండికి గాలి ఎందుకు కొట్టాలి?

కారు రంగు మీద తెల్లటి మచ్చలు, ఎండలో నిలబెడితే కనిపించే సన్నటి గీతలు, సర్వీసింగ్ చేయించిన రోజే స్టార్టు కాకుండా మొరాయించే మోటార్ సైకిలు. ఈ మూడు ఫిర్యాదుల్లో ఏది తెచ్చినా జనం నన్ను ముందుగా అడిగేది షాంపూ గురించే. నల్గొండ శివారులో వాటర్ సర్వీసింగ్ షెడ్డు నడుపుకునే మనిషిగా నేను మాత్రం ఇంకో సంగతి అడుగుతాను. కడిగిన తర్వాత బండి మీద మిగిలిన నీళ్లను ఎట్లా తీశారు? నురగ పట్టించి, ప్రెజర్ పంపుతో కొట్టి, మట్టి వదలగొట్టిన కష్టమంతా నిలబడేదీ, నీళ్ల పాలయ్యేదీ ఆ చివరి పది నిమిషాల్లోనే.

ఆ నీళ్లు పోవడానికి మూడు దారులున్నాయి. ఎండకు వదిలెయ్యవచ్చు, గుడ్డతో తుడవవచ్చు, గాలి కొట్టి తోసెయ్యవచ్చు. మూడో దారి ఎందుకు మేలో, అది ఎప్పుడు కీడు చేస్తుందో తెలిస్తే బండి ఉన్న ప్రతి ఇంటికీ పనికొస్తుంది.

ఎండకు వదిలేస్తే

మా జిల్లా బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. మనుషుల ఎముకలకు అది చేసిన చేటు దేశమంతా చూసింది. బండి రంగుకు చేటు చేసేవి మాత్రం ఎక్కువగా కాల్షియం, మెగ్నీషియం లవణాలు. రాతి పొరల్లో నుంచి వచ్చే నీళ్లు వీటిని కరిగించుకుని పైకి వస్తాయి. మనం కఠిన జలం అనేది, ఊళ్లో చవుడు నీళ్లని, ఉప్పు నీళ్లని విసుక్కునేది ఈ నీళ్లనే. స్నానాల నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా గట్టిపడే పొర, గీజరు లోపల పేరుకునే పెచ్చు, కారు అద్దం మీది మచ్చ, ఈ మూడూ ఒకటే పదార్థం.

తాగునీటికి మన దేశ ప్రమాణం ఐఎస్ 10500. దాని ప్రకారం లీటరు నీళ్లలో కరిగిన పదార్థాలన్నీ కలిపి 500 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 2,000 దాకా ఒప్పుకుంటారు. కాఠిన్యానికి ఆ హద్దులు 200, 600. బండ్లు కడిగే బోరుకు ఈ లెక్కలు చూసేవారు తక్కువ. లీటరుకు 1,000 మిల్లీగ్రాములున్న నీళ్లు ఒక్క లీటరు కారు మీదనే ఇగిరిపోయాయనుకోండి. ఒక గ్రాము లవణం ఆ రంగు మీదే ఉండిపోతుంది. నీళ్లు ఆవిరవుతాయి గానీ ఉప్పు ఆవిరి కాదు.

ఒక్క చుక్కను దగ్గరగా చూడండి. ఏప్రిల్ ఎండ, నల్ల కారు, బానెట్ మీద కందిగింజంత నీటిబొట్టు. బొట్టు అంచు పలచగా ఉంటుంది కాబట్టి అక్కడ నీరు ముందు ఇగురుతుంది. ఆ లోటు పూడ్చడానికి నడిమి నీరు అంచు వైపు పాకుతూ, తనలో కరిగినవన్నీ అక్కడికి మోసుకుపోతుంది. అందుకే ఆరిన తర్వాత నిండు మచ్చ కాకుండా గుండ్రని గీత మిగులుతుంది. కాఫీ ఒలికిన చోట అంచే ముదురుగా ఎందుకుంటుందో 1997లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 'నేచర్' పత్రికలో వివరించారు. బానెట్ మీద జరిగేదీ అదే.

ఈ గీత పడిన రోజే వెనిగర్ కలిపిన నీళ్లతో మెల్లగా తీసి, మంచినీళ్లతో కడిగేస్తే పోతుంది. పట్టించుకోకుండా వారం వారం అదే నీళ్లతో కడిగి అదే ఎండలో నిలబెడితే మచ్చ రంగు పైపొరలోకి దిగుతుంది. అప్పుడు పాలిష్ పట్టడం తప్ప దారి లేదు. పాలిష్ అంటే ఆ పైపొరను కొంత అరగదీయడమే.

ఇక్కడే ఇంకో మాట. ఇంట్లో ఆర్వో ఫిల్టరు వదిలేసే నీళ్లను బకెట్లో పట్టి బండి కడుగుతుంటారు. నీళ్లు వృథా చేయకూడదనే ఆలోచన నిజంగా మంచిది. ఫిల్టరు తీసేసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే చేరతాయి కాబట్టి అవి మామూలు కుళాయి నీళ్ల కంటే ఉప్పగా ఉంటాయి. మట్టి వదలగొట్టడానికి వాడండి. చివరి కడుగుకు మాత్రం వాడకండి.

గుడ్డతో తుడిస్తే

'అన్నా, గాలి ఎందుకే, గుడ్డతోని తుడ్వు, జల్ది పోవాలె' అనే తమ్ముళ్లు రోజూ వస్తారు. 'ఐదు నిమిషాలు ఆగు తమ్మీ, నీ బండే బాగుంటది' అని ఆపుతాను.

కారుకు మెరుపునిచ్చేది రంగు మీద వేసే పారదర్శకమైన పూత, క్లియర్ కోట్. దాని మందం మామూలుగా 40, 50 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. తలవెంట్రుక మందం 70 మైక్రాన్ల దరిదాపుల్లో ఉంటుంది. అంటే వెంట్రుకంత మందం కూడా లేని పూతను మనం ఏళ్ల తరబడి కాపాడుకోవాలి. ఎంత కడిగినా సందుల్లో, నంబరు ప్లేటు వెనక, టైరు పైన కాస్త ఇసుక మిగులుతుంది. నీళ్లతో పాటు అది కిందికి జారుతుంది. దాని మీద గుడ్డ వేసి అదిమి రుద్దితే ఇసుక రేణువే రంగును గీస్తుంది. ట్యూబులైటు కింద, లేదా పొద్దున ఎండలో చూస్తే సాలెగూడు అల్లినట్లు కనిపించే గీతలు ఎక్కువగా ఇట్లా పడినవే. బండి తర్వాత బండికి అదే గుడ్డ తిప్పే చోట ఒకరి బండి మీది ఇసుక ఇంకొకరి బండిని గీస్తుంది.

గుడ్డ పూర్తిగా పనికిరాదని కాదు. గాలి కొట్టాక మిగిలే సన్నటి చెమ్మకు శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డ కావాలి. నీళ్లు బరువుగా నిలిచి ఉన్నప్పుడు గుడ్డ వేస్తేనే నష్టం. గాలికి ఆ బెడద లేదు, అది రంగును తాకదు.

గాలి చేసే పని

చాలామంది గాలి నీళ్లను ఆరబెడుతుందనుకుంటారు. నిజానికి బ్లోయరు చేసే పనిలో ఆవిరి చేయడం చాలా తక్కువ, తోయడమే ఎక్కువ. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతావన్నీ అర్థమవుతాయి.

ఒక లీటరు నీళ్లను మామూలు వేడి దగ్గర ఆవిరి చేయడానికి సుమారు 2,400 కిలోజౌళ్ల శక్తి కావాలి. కరెంటు లెక్కలో చెబితే యూనిట్‌లో మూడింట రెండు వంతులు. అదే 1,000 వాట్ల బ్లోయరు ఐదు నిమిషాలు తిరిగితే ఖర్చయ్యేది యూనిట్‌లో పన్నెండో వంతు. అంత తక్కువ కరెంటుతో బండి మీది నీళ్లు పోతున్నాయంటే అవి ఆవిరవడం లేదు, నీళ్లుగానే కింద పడుతున్నాయి. చుక్క కింద పడితే దానిలోని సున్నమూ ఉప్పూ దానితోనే పోతాయి. గాలిని మెచ్చుకోవాల్సింది అందుకే. నీళ్లతో పాటు మచ్చను కూడా తీసుకుపోతుంది. కాబట్టి గాలి వేడిగా ఉండాల్సిన పని లేదు, వేగంగా ఉండాలి. హెయిర్ డ్రయ్యరుతో కారు ఆరబెట్టాలని చూస్తే పని సాగకపోవడానికీ, మచ్చలు పడడానికీ కారణం ఇదే. అది వేడి చేస్తుంది గానీ నీళ్లను తోసేంత గాలి దానికి లేదు.

ఇది కొత్తగా కనిపెట్టిన సూత్రం కాదు. అమెరికాలోని డెట్రాయిట్‌లో 1946లో థామస్ సింప్సన్ కట్టిన కార్ వాష్‌లో గొలుసు కారును లాగుతుండగా పైనుంచి నీళ్లు పడేవి, మనుషులు బ్రష్షులు నడిపేవారు, చివర్లో 50 హార్స్‌పవర్ బ్లోయరు నీళ్లను ఊదేసేది. విమానాశ్రయాల్లో చేతులు ఆరబెట్టుకునే డైసన్ ఎయిర్‌బ్లేడ్ 2006లో వచ్చింది. అది కూడా వేడి గాలి మీద ఆధారపడదు. సన్నని చీలికలోంచి వేడి చేయని గాలిని అతివేగంగా వదిలి చేతుల మీది నీళ్లను గీకేస్తుంది. అమెరికా కార్ల రేసుల సంస్థ నాస్కార్ వాన పడిన ట్రాకును ఆరబెట్టడానికి ఏళ్ల తరబడి లారీలకు జెట్ ఇంజన్లు కట్టి వేడి గాలి కొట్టించింది. 2013లో డేటోనాలో ఎయిర్ టైటన్ అనే పద్ధతి తెచ్చింది. అందులో కంప్రెసర్ గాలి నీళ్లను ఒక పక్కకు తోస్తుంది, వెనకాల వచ్చే లారీ వాటిని పీల్చుకుంటుంది, మిగిలిన చెమ్మకే జెట్ వేడి వాడతారు. పెద్ద రేసు ట్రాకు దగ్గరైనా, మా షెడ్డులోనైనా పని వరస ఒకటే. ముందు తోయాలి, మిగిలింది ఆరనివ్వాలి.

కంప్రెసరు వేరు, బ్లోయరు వేరు

రెండింటి నుంచీ వచ్చేది గాలే అయినా పనులు వేరు. కంప్రెసరు గాలిని ట్యాంకులో 100 నుంచి 150 పీఎస్‌ఐ దాకా కుక్కుతుంది. కారు టైరులో ఉండేది 30, 35 పీఎస్‌ఐ అని గుర్తుంచుకుంటే ఆ బలం అర్థమవుతుంది. ఎయిర్ గన్ నుంచి వచ్చే గాలి సన్నగా, పదునుగా ఉంటుంది. సందుల్లో దాక్కున్న నీళ్లకు అదే మందు. బానెట్, పైకప్పు లాంటి వెడల్పాటి చోట్ల దానితో కుస్తీ పడితే కంప్రెసరు ఆగకుండా తిరుగుతుంది, కరెంటు కాలుతుంది, పని తెమలదు. అక్కడ బ్లోయరు కావాలి. దాని ఒత్తిడి తక్కువ, గాలి పరిమాణం ఎక్కువ.

కంప్రెసరు గాలిలో ఒక తిరకాసు ఉంది. బయటి గాలిలో ఎప్పుడూ తేమ ఉంటుంది. దాన్ని ఎనిమిదో వంతుకు కుదించి చల్లబరిస్తే తేమ పట్టే చోటు లేక నీరై ట్యాంకు అడుగున నిలుస్తుంది. వానాకాలంలో అయితే మరీ. ఆ నీటితో పాటు పిస్టన్ దగ్గరి ఆయిల్ తుంపర కూడా పైపులోకి వస్తుంది. ఫిల్టరు లేని కంప్రెసరుతో కొడితే కడిగిన రంగు మీద నూనె చుక్కలు పడతాయి. పని మొదలు పెట్టే ముందు గన్నును తెల్ల కాగితం మీద ఒకసారి కొట్టి చూడండి. కాగితం తడిసినా, నూనె మరక పడినా ట్యాంకు కింది వాల్వు తిప్పి నీళ్లు వదలాలి, ఫిల్టరు చూడాలి. రోజూ వదలాల్సిన నీళ్లవి. వదలకపోతే ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. తుప్పు తిన్న ట్యాంకు ఆ ఒత్తిడికి పేలితే ప్రాణాలు పోతాయి.

బ్లోయరుకు వేరే బాధ. అది నేల దగ్గరి గాలిని పీలుస్తుంది. ఎదురుగా దుమ్ము నేల ఉంటే ఆ దుమ్మునే బండి మీదికి విసురుతుంది. అందుకే గాలి కొట్టే ముందు చుట్టూ నేల తడపాలి, పీల్చే మూతికి జాలీ ఉండాలి.

కారు మీద వరస

ముందు చివరి కడుగు. ప్రెజర్ గన్ పక్కన పెట్టి, మామూలు పైపుతో, నాజిల్ లేకుండా, పైనుంచి నెమ్మదిగా నీళ్లు వదలాలి. ప్రెజర్‌తో కొడితే నీళ్లు వేల చుక్కలుగా చెదిరి అంటుకుంటాయి. మెల్లగా వదిలితే ఒక పొరలా జారుతూ చుక్కలను కూడా తనతో లాక్కుపోతాయి. వ్యాక్సు గానీ సిరామిక్ కోటింగ్ గానీ ఉన్న కారుకు నీళ్లు అంటుకోవు, ముత్యాల్లా నిలబడతాయి. గాలి తగిలితే దొర్లిపోతాయి. కోటింగ్ లేని పాత రంగు మీద నీళ్లు పలచగా పరుచుకుంటాయి, గాలి ఎక్కువసేపు పట్టాలి.

తర్వాత గాలి. వాకిలి ఊడ్చినట్లే దీనికీ ఒక దిక్కు ఉండాలి. ఊడ్చిన చోటికి చెత్త మళ్లీ రాకూడదు. పైకప్పుతో మొదలు పెట్టి, అద్దాలు, బానెట్, డిక్కీ, తలుపులు, చివరికి కింది అంచులు. నాజిల్‌ను నిటారుగా పెడితే నీళ్లు నలుదిక్కులా చిమ్ముతాయి. వాలుగా పట్టుకుని, నీటి అంచు వెనకాల గాలిని నడిపిస్తే పొర మొత్తం ముందుకు జరిగి అంచు నుంచి జారిపోతుంది. గాలి పైపు తలుపుల మీద ఈడ్వకుండా భుజం మీద వేసుకోవాలి. గన్ను మూతికి రబ్బరు తొడుగు ఉండాలి.

సందులు మర్చిపోతే చేసిందంతా వృథా. సైడ్ అద్దం వెనక డొల్లలో, తలుపు పిడి లోపల, పెట్రోలు మూత చుట్టూ, వెనక లైటు అంచుల్లో, నంబరు ప్లేటు వెనక, ముందు జాలీలో, చక్రం నట్ల గుంతల్లో నీళ్లు దాక్కుంటాయి. ఇంటికి చేరేలోపు అద్దం కింద నుంచి తలుపు మీదికి ఒక చార కారుతుంది. ఎండాక ఆ చారే తెల్లగా కనబడుతుంది. గుడ్డ ఈ చోట్లకు చేరలేదు, గాలి చేరుతుంది. రేడియేటర్ రేకుల దగ్గర మాత్రం గన్ను దూరంగా పట్టాలి. ఆ అల్యూమినియం రేకులు పదునైన గాలికి వంగుతాయి, వంగితే చల్లదనం తగ్గుతుంది.

మోటార్ సైకిల్ దగ్గర

కారు మీద నీళ్లు మిగిలితే మచ్చ పడుతుంది. బైకు మీద మిగిలితే దారిలో ఆగిపోతుంది.

కడిగిన తర్వాత స్టార్టు కాని బైకు వస్తే నేను ముందుగా చూసేది స్పార్క్ ప్లగ్గు. సిలిండర్ హెడ్‌లో ప్లగ్గు కూర్చునే చోట చిన్న గుంత ఉంటుంది. నీళ్లు కారిపోవడానికి సన్నని రంధ్రం పెడతారు, అది బురదతో పూడుకుపోతుంది. గుంతలో నీళ్లు నిలిచి, ప్లగ్గు మూత రబ్బరు పాతదై ఉంటే కరెంటు ప్లగ్గు దాకా పోకుండా నీటి గుండా పక్కకు జారుతుంది. ఇంజను దగ్గుతుంది, ఆగుతుంది. మూత తీయకుండానే ముందు ఆ గుంత మీద వాలుగా గాలి కొడితే గోధుమ రంగు నీళ్లు పైకి చిమ్ముతాయి. రెండోసారి కొడితే ఇసుక వస్తుంది. మూడోసారి పొడి గాలే తిరిగి వస్తుంది. అప్పుడు మూత తీసి, తుడిచి, బిగించి కిక్కు కొట్టాలి. మూత ముందే తీస్తే గుంతలోని ఇసుక ఎగిరి ప్లగ్గు పింగాణీ చుట్టూ పడుతుంది. ప్లగ్గు విప్పినప్పుడు ఆ ఇసుక ఇంజనులో పడే ప్రమాదం ఉంది.

తర్వాత హారన్. లోపల నీళ్లుంటే గొంతు పూడినట్లు మోగుతుంది. హ్యాండిల్ స్విచ్చులు, తాళం రంధ్రం, మీటరు అంచులకు దూరం నుంచి, తక్కువ ఒత్తిడితో కొట్టాలి. కడగకముందే సైలెన్సర్ మూతికి, తాళం రంధ్రానికి ప్లాస్టిక్ కవరు కట్టడం మంచి అలవాటు. చెయిన్ మీది నీళ్లు ఊదేశాక ఆయిల్ పెట్టాలి. తడి మీద ఆయిల్ పెడితే నీళ్లు లోపలే ఉండి తుప్పు పడుతుంది. చక్రం బేరింగుల్లోకి మాత్రం గాలి కొట్టవద్దు. గ్రీజు పోయి నీళ్లూ ఇసుకా లోపలికి దిగుతాయి.

బ్రేకుల సంగతి మరీ ముఖ్యం. డ్రమ్ము లోపలికి గాలి చేరదు. నీళ్లు పట్టిన లైనర్లు మొదటి కొన్ని నొక్కుల్లో సరిగా పట్టవు. కడిగిన బండిని నెమ్మదిగా నడుపుతూ బ్రేకు కొన్నిసార్లు మెల్లగా వేసి, పట్టు వచ్చాకే రోడ్డెక్కండి. ఎలక్ట్రిక్ స్కూటరుకు చార్జింగ్ పెట్టే చోటు పూర్తిగా పొడి అయ్యే దాకా ప్లగ్గు పెట్టకండి.

గాలితో ఆటలు వద్దు

ఈ మాట అన్నింటికంటే గట్టిగా చెప్పాలి. కంప్రెసరు పైపు ఆట వస్తువు కాదు. తోటి పనివాడి ఒంట్లోకి సరదాగా గాలి కొట్టి ప్రాణాలు తీసిన ఘటనలు మన దేశంలో పలుమార్లు జరిగాయి. ఆ గాలి పేగులను చీలుస్తుంది. చర్మం మీది గాయం గుండా రక్తంలో చేరితే గుండెను, మెదడును దెబ్బతీస్తుంది. బట్టల మీది దుమ్ము దులుపుకోవడానికి గన్ను ఒంటి మీద కొట్టుకోవడం చాలా చోట్ల అలవాటు. అది కూడా మానాలి. శుభ్రం చేయడానికి వాడే కంప్రెసర్ గాలి 30 పీఎస్‌ఐ కంటే తక్కువకు తగ్గించాలనీ, ఎగిరే తునకల నుంచి రక్షణ ఉండాలనీ అమెరికా కార్మిక భద్రతా నిబంధన. ఎదురు తిరిగి వచ్చే ఇసుక రేణువు కంటిలో పడితే చూపుకే ముప్పు. అందుకే మా షెడ్డులో కళ్లద్దాలు పెట్టుకోనిదే గన్ను చేతికివ్వను.

చప్పుడు కూడా తక్కువది కాదు. పెద్ద బ్లోయర్ల పక్కన మాట వినిపించదు. రోజంతా ఆ హోరులో నిలబడే పిల్లలకు చెవి ప్లగ్గులు కొనివ్వడం యజమాని బాధ్యత. నివాస ప్రాంతాల్లో పగటిపూట శబ్దం 55 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. అపార్టుమెంటులో తెల్లవారుజామున బ్లోయరు వేసేవారు పక్కింటివాళ్లను గుర్తుంచుకోవాలి.

ఇంట్లో కడుక్కునేవారికి

పెద్ద యంత్రాలు అక్కర్లేదు. కంప్యూటర్ల దుమ్ము ఊదడానికి అమ్మే 500, 600 వాట్ల చేతి బ్లోయరు మోటార్ సైకిలుకు చక్కగా సరిపోతుంది. కారుకైతే అద్దాలు, పిడులు, చక్రాల సందుల నీళ్లు తీయడానికి పనికొస్తుంది, మిగతాది మైక్రోఫైబర్ గుడ్డతో పూర్తి చేయవచ్చు. గుడ్డను రుద్దకుండా, పరిచి లాగాలి. టైరుకు గాలి నింపే చిన్న పంపు దీనికి పనికిరాదు. దానికి ఒత్తిడి ఉంటుంది గానీ గాలి చాలదు. కరెంటు బ్లోయరును తడి నేల మీద పెట్టకండి. తడి చేతులతో ప్లగ్గు ముట్టకండి. నీడలో, ఇంజను చల్లారాక, పొద్దున పూట కడగండి.

సర్వీసింగ్‌కు ఇస్తే మాత్రం, కడగడం అయిపోగానే తాళం అందుకోకండి. గాలి కొట్టించుకోండి, సందులు చూపించి అడగండి. దానికి ఐదు, పది నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఆ గన్ను పట్టిన కుర్రాడి కళ్లకు అద్దాలు, చెవులకు ప్లగ్గులు లేకపోతే యజమానిని నిలదీయండి. పదిమంది అడిగితే ఏ యజమానైనా కొని పెడతాడు.